హాల్లోదా, చేతిలోదా?

మొన్న ఆదివారం మా బావమరిది ఫోన్ చేశాడు. వాడు ఆదివారం పూట ఫోన్ చేశాడంటే ఏదో కొనబోతున్నాడనే లెక్క. "బావా, పిల్లాడి పుట్టినరోజు వస్తోంది. పీఎస్5 కొనమంటావా, స్విచ్ 2 కొనమంటావా?" అన్నాడు. పిల్లాడికి ఎనిమిదేళ్ళు. అడిగిన గొంతులో హుషారు మాత్రం పిల్లాడిది కాదు, వాళ్ళ నాన్నది :)

వాడూ మనలాగే సాఫ్ట్‌వేరు. కాబట్టి ఫోన్ పెట్టేసిన అయిదు నిమిషాలకి ఒక ఎక్సెల్ షీటు కూడా వచ్చింది. ధర, టెరాఫ్లాప్స్, స్టోరేజీ, బ్యాటరీ, గేముల ఖరీదు.. మొత్తం పద్నాలుగు వరసలు. అది చూసి నాకు నవ్వొచ్చింది. ఎందుకంటే సరిగ్గా ఇలాంటి షీటే నేనూ 2005లో చేశాను. అన్నీ లెక్కలేసుకుని, బాగా ఆలోచించి మరీ, తప్పు నిర్ణయం తీసుకున్నాను.

అసలు మన తరానికి ఈ రెండు జాతులూ చిన్నప్పట్నుంచే తెలుసు. ఒకటి టీవీకి తగిలించే "వీడియో గేమ్". నింటెండో వాళ్ళు 1983లో జపాన్‌లో విడుదల చేసిన ఫామికామ్‌కి నకళ్ళు అవి. మనకి అదేం తెలీదు కదా! క్యాసెట్టు మీద 9999 ఆటలని రాసుండేది, లోపల చూస్తే పట్టుమని పది ఉండేవి. ఆడకపోతే క్యాసెట్టు తీసి ఉఫ్‌మని ఊది మళ్ళీ పెట్టడమే రిపేరు. రెండోది బ్రిక్ గేమ్. చేతిలో పట్టేది, పెన్సిల్ సెల్స్‌తో నడిచేది.

ఈ రెండింటికీ తేడా ఏంటో అప్పుడే కనపడింది, మనమే పట్టించుకోలేదు. వీడియో గేమ్ ఉన్న ఇంట్లో కాంట్రా ఆడేది ఇద్దరైతే, వెనకాల కూర్చుని "ఎగురు.. ఎగరరా" అని అరిచేవాళ్ళు ఎనిమిదిమంది. బ్రిక్ గేమ్ ఉన్న కుర్రాడు మాత్రం పెళ్ళింట్లో కూడా ఓ మూల తల దించుకుని కూర్చునేవాడు. భోజనానికి పిలిచినా వినపడేది కాదు.

ఇక షీటులోని అంకెల సంగతి. ఇంజనీర్లం కాబట్టి వాటిని తీసిపారెయ్యలేం. కానీ అవి ఏం చెప్తాయో, ఏం చెప్పవో చూడాలి. పీఎస్5 పెద్ద ఆట ఆడేటప్పుడు దాదాపు 200 వాట్లు తీసుకుంటుంది. 2022లో వచ్చిన స్టీమ్ డెక్‌లో చిప్‌కి ఇచ్చిన కోటా గరిష్ఠంగా 15 వాట్లు, బ్యాటరీ 40 వాట్-అవర్లు. చిప్ ఒక్కటే 15 తాగేస్తే, తెర, వైఫై కూడా కలుపుకుంటే, రెండు గంటలు దాటడం కష్టం. టెరాఫ్లాప్స్‌లో చూస్తే పీఎస్5ది 10.28, డెక్‌ది 1.6. "ఆరింతలు తేడా!" అని షీటు అరుస్తుంది. కానీ డెక్ తెర 1280x800, అంటే పది లక్షల పిక్సెళ్ళ చిల్లర. 4కే టీవీకి దాదాపు 83 లక్షలు. గియ్యాల్సిన బొమ్మే ఎనిమిదో వంతు అయినప్పుడు ఆరింతల తేడా ఏముంది చెప్పండి?

ఇంకోటి. చేతిలో పట్టే యంత్రాల చరిత్రలో షీటులో నెగ్గింది బజారులో నెగ్గాలని లేదు. 1989లో గేమ్ బాయ్ వచ్చినప్పుడు దానికి రంగులు లేవు, తెర వెనక లైటు లేదు. తయారుచేసిన గున్‌పే యొకోయ్‌ది ఒకటే సిద్ధాంతం. పాతబడి చవకైన టెక్నాలజీనే తీసుకుని కొత్తగా వాడాలి. మరుసటి ఏడాది సెగా వాళ్ళ గేమ్ గేర్ రంగుల తెరతో వచ్చింది. ఆరు పెన్సిల్ సెల్స్‌ని నాలుగైదు గంటల్లో తినేసేది. ఎవరు నెగ్గారో తెలిసిందే. 2004-05లోనూ అదే కథ. సోనీ పీఎస్పీ దాదాపు ప్రతి వరసలోనూ నింటెండో డీఎస్ కంటే మెరుగు. చివరికి డీఎస్‌లు 15 కోట్లు పైచిలుకు అమ్ముడయ్యాయి, పీఎస్పీలు సుమారు 8 కోట్లు.

నేను కొన్నది, షీటు చెప్పినట్టే, పీఎస్పీ :(

అప్పుడు నేను న్యూజెర్సీలో ఆన్‌సైట్. ఎడిసన్‌లో కాపురం, న్యూయార్క్‌లో ఆఫీసు, పోనూ రానూ రైల్లో దాదాపు గంటేసి. 249 డాలర్లు పెట్టి కొన్నాను. నిజం చెప్పొద్దూ, ఆ రైల్లో అది ఎంత బావుండేదో! లుమినెస్ ఆడుతూంటే స్టేషన్లు దాటింది తెలిసేది కాదు. అందులో నాకు బాగా నచ్చింది పక్కనుండే చిన్న స్విచ్. ఒక్కసారి పైకి తోస్తే ఆట ఉన్నదున్నట్టు నిద్రపోతుంది, మళ్ళీ తోస్తే అక్కడ్నుంచే లేస్తుంది. స్టేట్ ఇంత శుభ్రంగా దాచే కోడు నేను ఆఫీసులో ఒక్కనాడూ రాయలేదు.

అసలు తంటా అక్కడే వచ్చింది. ఏ క్షణంలోనైనా ఆపగలిగే ఆటని ఏ క్షణంలోనైనా మొదలుపెట్టచ్చు కూడా. రైల్లో మొదలైంది లిఫ్టులోకొచ్చింది, లిఫ్టులోంచి సోఫాలోకి, సోఫాలోంచి మంచం మీదకి. అన్నం వడ్డించేలోపు ఒక రౌండు. మా ఆవిడ ఫోన్ మాట్లాడేలోపు ఒక రౌండు.

2007లో మా నాన్న వచ్చారు, ఆర్నెల్లకి. అమెరికాలో మన పెద్దవాళ్ళ పరిస్థితి మీకు తెలియంది కాదు. కారు నడపలేరు, పలకరించే మనిషుండడు, పొద్దున్నించీ కిటికీ దగ్గరే. నేను ఏడింటికి ఇంటికొచ్చి సోఫాలో కూలబడి పీఎస్పీ తీసేవాణ్ణి. ఆయన పక్కన కూర్చుని "ఏంట్రా అది?" అని తొంగి చూసేవారు. చూపించేవాణ్ణి, ఓ నిమిషం. ఆ చిన్న తెరలో ఆయనకి ఏం అర్థమవుతుంది? కొన్నాళ్ళకి అడగడం మానేశారు. ఓ రాత్రి మా ఆవిడ అంది: "మామయ్యగారు సాయంత్రం నాలుగింటినుంచీ మీ కోసం గడియారం చూస్తారు. మీరొచ్చి అది చూస్తారు."

సిగ్గేసింది. అయినా బుద్ధొచ్చి నేను మారిపోయానని అబద్ధం చెప్పను. నేను చేసిందల్లా ఇంకో గేమ్ కొనడమే :) అప్పట్లో వీ దొరకడం గగనం. 2006 నవంబర్‌లో విడుదలైతే ఏడాది తర్వాత కూడా షాపుల్లో స్టాకు ఉండేది కాదు. ఓ ఆదివారం తెల్లారగట్ల లైన్లో నిలబడి తెచ్చాను. అమెరికాలో దాంతోపాటే వీ స్పోర్ట్స్ డిస్కు ఇచ్చేవాళ్ళు. అందులో బౌలింగ్ ఉంటుంది. రిమోట్ పట్టుకుని నిజంగా బంతి వేసినట్టు చెయ్యి ఊపి, బటన్ వదలాలి. అంతే.

మా నాన్నకి పావుగంటలో పట్టుబడింది. లుంగీ ఎగ్గట్టి, రిమోట్ తాడు మణికట్టుకి బిగించి మరీ వేసేవారు. వారం తిరిగేసరికి నన్ను ఓడించడం మొదలుపెట్టారు. బౌలింగ్‌లో ఒకరు వేస్తూంటే రెండోవాళ్ళు ఊరికే కూర్చోవాలి కదా, ఆ ఖాళీలో మాటలొచ్చేవి. ఆయన కాలేజీ రోజుల్లో తెనాలిలో క్యారమ్స్ పోటీల్లో ఫైనల్ దాకా వెళ్ళారట! ముప్ఫై ఏళ్ళకి దగ్గరపడ్డ కొడుకుని, ఆ సంగతి నాకు అప్పుడే తెలిసింది. ఆయన 2016లో పోయారు. కళ్ళజోడూ మీసమూ పెట్టి ఆయనకని మేం చేసిన బొమ్మ ఆ వీలో ఇంకా ఉంది, నా కంటే ఎక్కువ స్కోరుతో.

ఇక్కడితో ఆపేస్తే "టీవీదే గొప్ప, చేతిదే చెడ్డ" అని తేలుతుంది. కానీ అది న్యాయం కాదు. 2010లో హైదరాబాద్ వచ్చేశాక ఉత్సాహంగా హాల్లో పీఎస్3 పెట్టాను. సాయంత్రం ఆరు నుంచి పది దాకా అమ్మ సీరియళ్ళు. పదింటికి అందరూ పడుకుంటారు కాబట్టి చప్పుడు చెయ్యకూడదు. ఏడాదిలో దాని మీద అమ్మ ఓ ఎంబ్రాయిడరీ గుడ్డ కప్పి, పైన పూలకుండీ పెట్టింది. టీవీ మనది కానప్పుడు, టీవీకి తగిలించేది మనదెలా అవుతుంది? పీజీ హాస్టల్లో ఉండే కుర్రాళ్ళకీ, వారంలో నాలుగు రోజులు ఊళ్ళు తిరిగేవాళ్ళకీ చేతిలోదే సరైంది. 2016లో నాన్న ఆస్పత్రిలో ఉన్నప్పుడు, ఆయన నిద్రపోయాక ఆ ప్లాస్టిక్ కుర్చీలో రాత్రుళ్ళు నాకు తోడున్నది ఆ పాత పీఎస్పీనే. దాన్ని తిట్టడానికి నాకు నోరు రాదు.

"అందుకే కదా బావా స్విచ్, రెండూ అదే" అంటాడు మావాడు. నిజమే, 2017లో స్విచ్ వచ్చినప్పుడు నేనూ అలాగే అనుకున్నాను. డాక్‌లో పెడితే టీవీలో, తీస్తే చేతిలో. 2020 లాక్‌డౌన్‌లో మా అమ్మాయికి కొన్నాం. మొదటి వారం హాల్లో ముగ్గురం కలిసి ఆడాం. రెండో నెలకల్లా డాక్ ఖాళీ, స్విచ్ అమ్మాయి గదిలో, తలుపు వేసి ఉంది. ఎవరూ ఏ తప్పూ చెయ్యలేదు. రెండు దారులూ తెరిచి పెడితే మనుషులు సుళువైన దారిలోనే వెళ్తారు, అంతే. చేతిలోకి తీసుకోవడానికి ఎవర్నీ అడగక్కర్లేదు. హాల్లో ఆడాలంటే ఎవరో ఒకరు రిమోట్ ఇవ్వాలి, ఎవరో ఒకరు జరిగి చోటివ్వాలి.

నా మాట ఏంటంటే, ఆ అడగడం, ఆ జరగడం, వాటిని మనం లోపం అనుకుంటాం గానీ పిల్లలున్న ఇంట్లో వాటికోసమే డబ్బు పెట్టాలి. చేతిలోది దొరికిన ఖాళీనల్లా తినేస్తుంది. టీవీది మనచేత ఖాళీ చేయిస్తుంది. పైగా ఒకప్పుడు చేతిలోదానికున్న పెద్ద కారణం ప్రయాణాలూ, క్యూలూ. ఇప్పుడవి మొత్తం ఫోన్ పట్టుకుపోయింది. ప్రకటనలూ, నోటిఫికేషన్లూ లేకుండా ఒకసారి కొంటే ఆడుకునే ఆట ఫోన్ కంటే నయమే, ఒప్పుకుంటా. కానీ ఇంట్లో ప్రతివాడి చేతిలోనూ ఒక తెర ఇప్పటికే ఉంది. ఇంకోటి కొని ఇవ్వడానికి పుట్టినరోజు ఎందుకు?

కాబట్టి వాడి షీటులో పదిహేనో వరస ఒకటి చేర్చి పంపాను: "ఎక్కడుంటుంది? పక్కన ఎవరుంటారు?" కింద నా సలహా కూడా రాశాను. కొనడం స్విచ్ 2 కొను. 2025 జూన్‌లో దాంతోపాటే వచ్చిన మారియో కార్ట్ వరల్డ్‌ని ఒకే టీవీ మీద నలుగురు ఆడచ్చు. పీఎస్5 పెట్టెలో కంట్రోలర్ ఒకటే ఉంటుంది, స్విచ్ జాయ్-కాన్‌లు రెండూ విడదీసి చాలా ఆటల్లో చెరోటి పట్టుకోవచ్చు. కానీ వాడటం మాత్రం పీఎస్5 లాగే వాడు. ఛార్జర్ హాల్లోనే. పడక గదిలోకి రాకూడదు.

సాయంత్రం జవాబొచ్చింది. "మరి నేను ఆఫీసుకి మెట్రోలో వెళ్ళేటప్పుడు ఆడుకుందామనుకున్నానే బావా?"

అదండీ అసలు సంగతి! పద్నాలుగు వరసల్లో ఎక్కడా లేనిది ఇదీ. "మెట్రోలో ఆడుకోరా, కాదనను. ఇంటికొచ్చి చెప్పులు విప్పగానే డాక్‌లో పెట్టెయ్. రెండో కంట్రోలర్ మీ నాన్నకివ్వు" అన్నాను.

వాళ్ళ నాన్నకి, అంటే మా మామగారికి, డెబ్భై రెండు. చిన్నప్పుడు గోళీలాటలో చెయ్యి తిరిగిన మనిషని మా అత్తగారు చెప్తూంటారు. మిగతా కథలు ఆయన నోటివెంట ఎప్పుడు వస్తాయో చూడాలి.