కాందిశీకుల శిబిరమును వర్ణించుట

కలకత్తా నగరమునకు తూర్పుదిక్కున సాల్ట్ లేక్ అను ప్రదేశము కలదు. ఒకప్పుడు ఉప్పునీటి చిత్తడినేల అయిన ఆ చోటును హుగ్లీ నది ఇసుకతో పూడ్చి, క్రొత్త పట్టణమును నిర్మించుచుండిరి. 1971వ సంవత్సరము మార్చి 25వ తేదీ రాత్రి తూర్పు పాకిస్తానమున సైన్యము ప్రజలపై విరుచుకొనిపడిన పిదప, సరిహద్దు దాటి వచ్చిన జనులలో రెండు లక్షలకు పైబడినవారు ఆ మైదానమున తలదాచుకొనిరి. గుడారములు చాలలేదు. మురుగునీటి కాలువల కొఱకు తెచ్చి పెట్టిన సిమెంటు గొట్టములలో కొన్ని కుటుంబములు కాపురముండెను.

ఈ దృశ్యమును గూర్చి వ్యాసము వ్రాయుమని చెప్పినచో విద్యార్థి సాధారణముగా ఇట్లు ప్రారంభించును: "అయ్యో! హృదయవిదారకమును, మిక్కిలి దయనీయమును, వర్ణనాతీతమును అగు ఆ దృశ్యమును చూచిన రాతిగుండె యైనను కరుగక మానదు." వాక్యము చదువుటకు బాగుగనే యున్నది. పరీక్షలో మార్కులును రావచ్చును. కాని అందు గొట్టము లేదు, వాన లేదు, మనుష్యుడు లేడు. వర్ణనాతీతమని చెప్పుటచేత వర్ణించు పనియే తప్పిపోయినది. అదే వాక్యమును తుపానునకును, రైలు ప్రమాదమునకును, అగ్నిప్రమాదమునకును అక్షరమైన మార్చకుండ వాడుకొనవచ్చును.

దానికి మాఱుగా, "గొట్టమునకు రెండు కొనలును తెఱచియుండును, జల్లు ఏ వైపునుండి కొట్టినను లోనివారు తడియుదురు, రాత్రివేళ పసిబిడ్డను ఏ కొనకు దగ్గఱగా పరుండబెట్టవలెనో తల్లి ఆలోచించుకొనవలెను" అని వ్రాసినచో, అందు జాలి అను మాటయే లేదు. అయినను చదువువాడు ఆ గొట్టములోనికి వంగి చూచును.

విశేషణములనన్నిటిని విడిచిపెట్టవలెనని దీని భావము కాదు. తడిసిన చాప, పాచిపట్టిన నీరు, చిరిగిన గుడారము అను మాటలు వస్తువును చూపుచున్నవి. దయనీయము, ఘోరము, బాధాకరము అను మాటలు వ్రాయువాని మనస్సును చూపుచున్నవి. అతని మనస్సు మంచిదే కావచ్చును. కాని పాఠకుడు శిబిరమును చూడవచ్చెను గాని అతనిని చూడరాలేదు. మన ప్రబంధకవులకు నగరము, సముద్రము, ఋతువులు, చంద్రోదయము మున్నగు పదునెనిమిది వర్ణనలు శాస్త్రము విధించినది. ఆ పట్టికలో ఇట్టి శిబిరము లేదు. కావున దీనికి తగిన మాటలను వ్రాయువాడు స్వయముగా వెదకుకొనవలసినదే.

ఇట్లు వెదకునపుడు ముందుగా చేతికి తగులునవి నీటికి సంబంధించిన మాటలు. కాందిశీకుల వెల్లువ, వరద, ప్రవాహము అని వార్తాపత్రికలు వ్రాయుచుండును. 1971లో భారతదేశమునకు వచ్చినవారు సుమారు ఒక కోటి మంది. అంత సంఖ్యను చూచినవానికి వెల్లువ అను మాట తోచుట సహజమే. కాని వెల్లువ వచ్చినపుడు జనులు చేయు పని యేమి? గట్లు వేయుదురు, తలుపులు మూయుదురు, అది ఎప్పుడు తీయునాయని ఎదురుచూతురు. మనుష్యులను వెల్లువ యన్నంతనే వారికి అన్నము పెట్టవలెనను తలంపు వెనుకకు పోయి, వారిని ఆపవలెనను తలంపు ముందునకు వచ్చును. ఆ కోటిమందిలో ముప్పది లక్షలకు పైగా శిబిరములలో గాక, బంధువుల ఇండ్లలోను పరిచితుల ఇండ్లలోను ఉండిరి. వరదనీటిని ఎవరును ఇంటిలోనికి పిలిచి చాప పఱచి కూర్చుండబెట్టరు. యుద్ధము ముగిసిన తరువాత 1972వ సంవత్సరపు తొలి మాసములలోనే వారిలో అత్యధికులు తమ యూళ్ళకు తరలిపోయిరి. కావున "వచ్చిరి", "నడచిరి", "తిరిగి వెళ్ళిరి" అను సామాన్యక్రియలే ఇచ్చట సత్యమునకు దగ్గఱగా నున్నవి. నడచుటకు కాళ్ళు కావలెను. కాళ్ళు మనుష్యులకే కలవు.

ఇంతకంటెను జాగ్రత్తగా చూడదగిన మాట మఱియొకటి కలదు. అది "నిస్సహాయులు" అనునది. దయతో వాడబడు మాట గనుక దీనిని ఎవరును శంకింపరు. అయితే అదే సంవత్సరము సరిహద్దు సమీపమున నున్న బన్‌గావ్ పట్టణమున జరిగిన సంగతిని పరిశీలింపవలెను. అచ్చటి శిబిరములలో కలరా వ్యాపించెను. ఆసుపత్రిలో మంచములు చాలక రోగులు నేలపైననే పడియుండిరి. కలరా రోగి శరీరములోని నీరును లవణములును కొలది గంటలలోనే హరించిపోవును. ఆ లోటును తీర్చుటకు రక్తనాళములోనికి ఉప్పునీటిని ఎక్కించుట ఆనాటి పద్ధతి. ఆ ద్రవము నిండుకొనుచుండెను. ఎక్కించుటకు శిక్షణ పొందినవారును కొలదిమందియే. అప్పుడు దిలీప్ మహలనబీస్ అను శిశువైద్యుడు సాహసించి వేఱొక మార్గమును అవలంబించెను. లీటరు నీటికి 22 గ్రాముల గ్లూకోసు, 3.5 గ్రాముల ఉప్పు, 2.5 గ్రాముల వంటసోడా చొప్పున కలిపి, దానిని రోగులచేత త్రాగించుటయే ఆ మార్గము. ఈ పొడులను కలకత్తాలో తూచి సంచులలో కట్టి తెచ్చుచుండిరి. కలిపిన ద్రవమును పీపాలలో నింపి యుంచిరి.

దానిని త్రాగించినవారెవరు? రోగుల తల్లులు, అన్నలు, భర్తలు. ఇల్లు విడిచి, సొమ్ము విడిచి వచ్చిన కాందిశీకులే పీపాలయొద్దకు పోయి, పాత్రలతో ద్రవమును పట్టుకొనివచ్చి, తమవారి నోటికి కొంచెము కొంచెముగా అందించిరి. వాంతి చేసికొన్నను మరల పట్టిరి. అంతకుముందు నూటికి ముప్పదిమంది వఱకు మరణించుచుండగా, ఆ వైద్యుని పర్యవేక్షణలో నున్నవారిలో మరణములు నూటికి నలుగురికంటె తగ్గెను. నేడు లోకమంతట పసిబిడ్డలకు విరేచనములైనపుడు ఇచ్చు ఉప్పుచక్కెర ద్రవమునకు అంత నమ్మకము కలిగించిన అనుభవములలో ఇది ముఖ్యమైనది.

ఆ ఆసుపత్రిని చూచివచ్చినవాడు "నిస్సహాయులైన కాందిశీకులు" అని వ్రాసినయెడల ఏమగును? అబద్ధమాడినాడని ఎవరును నిందింపరు. కాని పాత్ర పట్టుకొన్న చేయి అతని వ్యాసములోనుండి మాయమగును. ఔషధము కనిపించును, వైద్యుడు కనిపించును, రాత్రియంతయు మేలుకొని ఆ ఔషధమును త్రాగించిన తల్లి కనిపింపదు. బన్‌గావ్ వృత్తాంతములో తెలిసికొనదగిన విషయమే ఆమె.

దీనికి ఒక ఆక్షేపణ కలదు. అది త్రోసివేయదగినది కాదు. కోటిమందికి తిండియు బట్టయు కావలసినపుడు దూరదేశముల వారి మనస్సులను కదలింపవలసి యుండెను. మెల్లని మాటలకు ఎవరు చెవి యొగ్గుదురు? హృదయవిదారకమని గట్టిగా ఎలుగెత్తినందుననే కదా విరాళములు వచ్చినవి? ఇందు కొంత నిజము లేకపోలేదు. చందా కోరు విజ్ఞప్తికి కొంత బిగ్గఱ గొంతు అవసరమే. అయినను అట్టి గొంతునకు ఒక దోషము కలదు: మఱుసటి మాసము అంతకంటె పెద్ద మాట కావలసివచ్చును, ఆపై నెల ఇంకను పెద్దది. చివఱకు మాటలు అయిపోవును, శిబిరము మాత్రము అట్లే యుండును. గొట్టమునకు రెండు కొనలు తెఱచియున్నవను మాట ఎన్నిసార్లు చదివినను అరిగిపోదు.

కాందిశీకుల పేళ్ళలోనే ఎంతో వర్ణన యిమిడియున్నది. కాందిశీకుడను పదమునందు "కాం దిశమ్" అను రెండు సంస్కృత పదములు దాగియున్నవి. ఏ దిక్కునకు పోవుదునని తహతహలాడువాడు కాందిశీకుడు. కూడలిలో నిలిచి నాలుగువైపుల చూచు మనుష్యుని ముఖము ఆ పదములో నున్నది. వంగభాషలో ఉద్వాస్తువులందురు, వాస్తువు, అనగా ఇల్లు కట్టుకొన్న నేల, దానినుండి పెకలింపబడినవారని అర్థము. శరణార్థి యనగా శరణు కోరువాడు. 1947లో పశ్చిమ పంజాబునుండి వచ్చినవారిని అందఱును ఈ మాటతోనే పిలువగా, వారిలో పలువురకు అది రుచింపలేదు. తాము యాచించుటకు రాలేదనియు, కష్టించి బ్రతుకగలవారమనియు చెప్పి, పురుషార్థులమని పేరు పెట్టుకొనిరి. వ్రాయువాడు నిఘంటువును తెఱచుటకు ముందు, వారు తమ్ము తాము ఏమని పిలుచుకొనుచున్నారో వినుట మంచిది.

ప్రభుత్వ కార్యాలయములలో పుట్టు విశేషణములు వేఱొక రకమైనవి. వానికి కన్నీరు లేదు, కాని ఆయుర్దాయ మెక్కువ. దేశవిభజన తరువాత పశ్చిమ వంగమున పోషించు మగదిక్కు లేని స్త్రీలను, వృద్ధులను, వికలాంగులను వేఱుచేసి, "శాశ్వత భారము" అను అర్థమిచ్చు ఆంగ్ల నామముతో ఒక తరగతిలో చేర్చి ప్రత్యేక శిబిరములలో నుంచిరి. లెక్కలు వ్రాయు గుమాస్తాకు ఆ మాట సౌకర్యముగా నుండియుండవచ్చును. ఇరువదియేండ్ల విధవ పేరు ప్రక్కన అది పడినపుడు, ఆమె రేపు కుట్టుపని నేర్చునో, బిడ్డను చదివించునో అను ప్రశ్నకు తావు లేకపోయెను. జాలిమాటలకంటె ఇట్టి పొడిమాటలే ఎక్కువ కీడు చేసినవని చెప్పవలసియున్నది.

"తాత్కాలికము" అనునదియు అట్టిదే. నదియా జిల్లాలో రాణాఘాట్ చెంత నున్న కూపర్స్ క్యాంపు విభజనానంతరము తాత్కాలిక శిబిరముగా నేర్పడినదే. నేడది స్వంత పురపాలన గల చిన్న పట్టణము. పేరులో మాత్రము క్యాంపు నిలిచియున్నది.

తెలుగువారికిని ఇట్టి చోటు ఒకటి కలదు. 1964లో బర్మా ప్రభుత్వము అంగళ్ళను జాతీయము చేసిన పిమ్మట, తరతరములుగా ఆ దేశమున నివసించిన తెలుగువారనేకులు ఓడలెక్కి తిరిగివచ్చిరి. విశాఖపట్నమున కంచరపాలెము చెంత వారిలో కొందఱు స్థిరపడిన ప్రాంతమును బర్మా క్యాంపు అందురు. అక్కడ ఇప్పుడు ఇండ్లును వీధులును ఉన్నవి. అచ్చటి బాలుడు తన చిరునామాలో క్యాంపు అని వ్రాయుట ఎవరి కంటనైన నీరు తెప్పించుటకు కాదు. ఉత్తరము ఇంటికి చేరుటకు.