ముఖం లేని మేస్త్రి

పాలమూరు కూలీకి మేస్త్రి కొత్త కాదు. అడ్వాన్సు చేతిలో పెట్టి, ఆనకట్టలకూ కాలువలకూ మన తాతలను ఊళ్లు దాటించినవాడు గుంపు మేస్త్రి. అతడు లెక్కలు తారుమారు చేసేవాడు, కూలి ఎగ్గొట్టేవాడు. అయినా అతడికొక ముఖం ఉండేది. పోయి నిలదీయడానికి ఒక గుమ్మం ఉండేది. నేడు వనపర్తి, పెబ్బేరు, కొత్తకోటల నుండి హైదరాబాదు వెళ్లి బైకుపై భోజనాలు మోస్తున్న మన పిల్లల మేస్త్రి ఫోనులో ఉన్నాడు. అతడికి ముఖమూ లేదు, గుమ్మమూ లేదు.

అల్గారిథం అనగానే అదేదో నిష్పాక్షిక శాస్త్రమని భ్రమపడనక్కరలేదు. ఎవరికి ఆర్డరు ఇవ్వాలి, ఎవరికి ఇన్సెంటివ్ కోయాలి, ఎవరి ఐడీ ఆపాలి అని యాజమాన్యం రాయించుకున్న లెక్క అది. ఆ లెక్క కార్మికుడికి చూపరు. చూపరు కనుకనే అతడు దాన్ని ఊహించుకుని, దానికి తగ్గట్టు తనను తాను మార్చుకుంటాడు. సిగ్నల్ దాటేస్తాడు. జ్వరంతోనే లాగిన్ అవుతాడు. శుక్రవారం జుమా వేళకే భోజనాల ఆర్డర్లు ముమ్మరం. రంజాన్‌లో ఇఫ్తార్ వేళకు సాయంత్రపు రద్దీ. నమాజు మానమని ఎవరూ ఆదేశించరు. ఆదేశిస్తే పోరాడేవాళ్లం. ఇక్కడ మన బిడ్డే, ఇన్సెంటివ్ పోతుందన్న భయంతో, మసీదు ముందు నుండి ఆగకుండా వెళ్లిపోతున్నాడు.

ఇక రేటింగ్ సంగతి. 2022లో హైదరాబాదులో ఒక వినియోగదారుడు ముస్లిం డెలివరీ మనిషిని పంపవద్దని ఆర్డరులోనే రాశాడు. గిగ్ కార్మికుల యూనియన్ నాయకుడు షేక్ సలావుద్దీన్ దాన్ని బయటపెట్టారు. రాశాడు కనుక దొరికాడు. ఏమీ రాయకుండా, పేరు చూసి ఒక్క స్టార్ ఇచ్చి తలుపు వేసుకునేవాడు ఎలా దొరుకుతాడు? అతడి ద్వేషం యంత్రం దృష్టిలో మన పిల్లవాడి పనితనపు లోపం. గుమ్మం చేరకముందే టోపీ తీసి జేబులో పెట్టుకోవడం అక్కడే మొదలవుతుంది. యంత్రానికి పక్షపాతం ఉండదనేవారు అమెజాన్ అనుభవం చూడాలి. ఉద్యోగ దరఖాస్తులను వడగట్టేందుకు ఆ సంస్థ తయారుచేసుకున్న సాధనం పాత నియామకాలను చూసి నేర్చుకుని, మహిళలను తక్కువ చేస్తోందని 2018లో వెల్లడైంది.

ఇది ముస్లింల గోడు మాత్రమే కాదు. తిరుమలలో గుండు చేయించుకుని వచ్చిన ఒక హైదరాబాదు క్యాబ్ డ్రైవరును యాప్ గుర్తుపట్టక ఖాతా ఆపేసింది. అతడి మొక్కూ, మన జుమా ఆ మేస్త్రికి ఒక్కటే.

మన సంఘాల మీదా మాకు ఫిర్యాదు ఉంది. నాలుగు శాతం రిజర్వేషన్ కోసం నిలబడ్డాం, సరైనదే. కానీ సర్కారు కొలువు దొరకని వేలమంది ఏ యాప్ కింద బతుకుతున్నారో ఒక్క సభలోనైనా చర్చించామా? 2025 ఏప్రిల్‌లో రాష్ట్ర ప్రభుత్వం గిగ్ కార్మికుల బిల్లు ముసాయిదా విడుదల చేసింది. యంత్రాలు తీసుకునే నిర్ణయాల్లో పారదర్శకతను అందులో ప్రస్తావించారు. ఆ మాట ఒక్కటీ చాలదు. ఐడీ ఆపితే కారణం తెలుగులో, ఉర్దూలో రాతపూర్వకంగా ఇవ్వాలి. సంజాయిషీ వినడానికి పేరున్న మనిషి ఉండాలి. ప్రార్థనకు గంటసేపు లాగవుట్ అయితే, అతడు ఏ మతస్థుడైనా, ఇన్సెంటివ్ కోయరాదు. మతం చూసి ఇచ్చిన రేటింగును లెక్కలోంచి తీసేయాలి.

అంతవరకూ ప్రతి కుటుంబం చేయగల పని ఒకటుంది. ఐడీ ఆగిపోయిందని ఫోను చేసిన పిల్లవాడిని తిట్టకండి. స్క్రీన్‌షాట్లు చెరపవద్దని చెప్పండి. రేపు వాదించడానికి మన చేతిలో మిగిలేది అవే.