రైలింజన్‌కు ఓటేసినవాళ్లను ఎవరడిగారు?

2008 ఆగస్టు 26న తిరుపతిలో చిరంజీవి ప్రజారాజ్యం పార్టీని ప్రకటించినప్పుడు తరలివచ్చిన జనమంతా అభిమాన సంఘాలవాళ్లే అనుకుంటే పొరపాటు. పాతికేళ్లుగా కాంగ్రెస్‌, తెలుగుదేశం మధ్యే చేతులు మారుతున్న అధికారంలో తమకూ చోటు దొరుకుతుందని ఆశపడ్డవాళ్లు, ‘సామాజిక న్యాయం’ అన్న మాటను మనసారా నమ్మినవాళ్లు వారిలో ఎందరో ఉన్నారు.

తొమ్మిది నెలలు తిరగకముందే ఎన్నికలు వచ్చాయి. రైలింజన్‌ గుర్తుకు 16 శాతానికి పైగా ఓట్లు పడ్డాయి. 294 స్థానాల సభలో దక్కినవి మాత్రం 18. ఓట్లు రాష్ట్రమంతా పలచగా పరుచుకుంటే మన ఎన్నికల పద్ధతిలో జరిగేది ఇదే. తిరుపతిలో నెగ్గిన చిరంజీవి సొంత జిల్లాలోని పాలకొల్లులో ఓడిపోయారు. అయినా అదేమీ చిన్న పునాది కాదు. ఆ ఎన్నికల్లో టీఆర్‌ఎస్‌ గెలిచినవి 10 సీట్లే. ఐదేళ్లు తిరిగేసరికి ఆ పార్టీ తెలంగాణలో అధికారంలోకి వచ్చింది.

ప్రజారాజ్యం అన్నాళ్లు ఆగలేదు. వై.ఎస్‌. రాజశేఖరరెడ్డి మరణం, ఆ తర్వాత జగన్‌ వేరుపడటంతో బలహీనపడ్డ కాంగ్రెస్‌ ప్రభుత్వానికి సభలో అండ కావాల్సి వచ్చింది. 2011 ఫిబ్రవరిలో ఢిల్లీలో సోనియా గాంధీని చిరంజీవి కలిశారు, విలీన ప్రకటన వెలువడింది. మరుసటి ఏడాది ఆయన రాజ్యసభకు వెళ్లి, కేంద్రంలో పర్యాటక శాఖ మంత్రి అయ్యారు. ఆయన ఖాళీ చేసిన తిరుపతిలో 2012లో ఉప ఎన్నిక జరిగింది. కాంగ్రెస్‌ ఓడింది, వైఎస్సార్‌ కాంగ్రెస్‌ గెలిచింది.

విలీనాన్ని జనం ఒప్పుకోలేదనడానికి ఇంతకంటే ఏం కావాలి?

లోపం చట్టంలోనూ ఉంది. ఒక పార్టీ మరో పార్టీలో కలిసినప్పుడు, దాని శాసనసభ్యుల్లో మూడింట రెండొంతుల మంది ఒప్పుకుంటే వారికి ఫిరాయింపు చట్టం అడ్డురాదని రాజ్యాంగం పదో షెడ్యూలు చెబుతోంది. సభ్యత్వం తీసుకుని, ఎండలో జెండా మోసి, ఊళ్లో చుట్టాలతో కూడా మాటపడ్డ కార్యకర్త ఇష్టాయిష్టాల ఊసే అందులో లేదు. విలీనానికి ముందు పార్టీ సభ్యులందరి రహస్య ఓటు తప్పనిసరి చేయాలి. సినిమా నటులు పెట్టిన పార్టీలకు ఇది మరీ అవసరం. అలాంటి పార్టీల్లో సాధారణంగా అధినేత మాటకు ఎదురు చెప్పగల రెండో వరుస తయారుకాదు.

ఓడినా నిలవడం అసాధ్యమేమీ కాదు. ప్రజారాజ్యం యువజన విభాగాన్ని నడిపిన పవన్‌ కల్యాణ్‌ 2014 మార్చిలో జనసేన పెట్టారు. 2019లో భీమవరంలోనూ గాజువాకలోనూ ఓడిపోయారు. పార్టీకి మిగిలింది రాజోలు ఒక్కటే. ఆయన దుకాణం కట్టేయలేదు. 2024లో పొత్తులో పోటీచేసిన 21 అసెంబ్లీ, 2 లోక్‌సభ స్థానాలనూ జనసేన గెలుచుకుంది. మెచ్చదగిన పట్టుదలే. కానీ ఆ రోజు పార్టీని నిలబెట్టిందీ ఒక్క మనిషి నిర్ణయమే. అధికారంలో ఉన్న ఈ సమయంలోనే జనసేన తన నియమావళిలో సభ్యుల ఓటుకు చోటివ్వాలి. ప్రజారాజ్యం కార్యకర్తలకు దక్కని ఆ హక్కును ముందుగా ఇవ్వాల్సింది ఆ పార్టీలోంచి వచ్చినవాళ్లే.