వడ్డీ లేదు సరే, పామాయిల్ ఏదీ?

ఇస్లాంలో వడ్డీ నిషిద్ధం. అందుకే మలేసియాలో 1983లో బ్యాంక్ ఇస్లాం పెట్టారు. అలాంటి బ్యాంకుల్లో చేతిఖర్చుకు డబ్బడిగితే తరచు బేరం నడుస్తుంది. బ్యాంకు పామాయిల్ లాంటి సరుకు కొని, లాభం ఎంతో చెప్పి, మనకు వాయిదాల మీద అమ్ముతుంది. మళ్ళీ మన తరఫున దాన్నే వేరొకరికి అమ్మించి రొక్కం చేతికిస్తుంది. ఇందుకోసమే 2009 నుంచి అక్కడ ఆన్‌లైన్ సంత కూడా ఉంది!

ఫోనులో ఇదంతా 'ఒప్పుకుంటున్నాను' అని ఒక్కసారి నొక్కితే అయిపోతే ఎలా? పాయింట్లు, క్యాష్‌బ్యాక్ ఇస్తే ఖాతాదారులు నిలబడతారంటే నేనొప్పుకోను. వాళ్ళు వచ్చిందే వడ్డీ వద్దనుకుని. ఏ సరుకు, ఎంతకు కొన్నారు, ఎంతకమ్మారు అన్నది వాళ్ళ భాషలో తెరమీద చూపించాలి. లేకుంటే "పేరు మార్చారు, ఇదీ వడ్డీయే కదా" అని మా అమ్మ అడిగినట్టే వాళ్ళూ అడుగుతారు. అడిగి, వేరే బ్యాంకుకి పోతారు.