కాపలా వచ్చేవారిపై ఉండాలి. పోయే దారికి తాళం ఎందుకు?

మొగుళ్లపల్లి: పట్నంలోని పెద్ద పెద్ద వ్యాపార భవనాల కాపలా సంగతి మొగుళ్లపల్లి మండలంలోని రైతు కుటుంబాలకు ఎందుకని కొందరు అనవచ్చు. కాని డిగ్రీ పాసైన పిల్లలు ఆ భవనాల పై అంతస్తులలో ఉన్న ఆఫీసులకు ఉద్యోగాలకు పోతున్నారు. చదువు మధ్యలో ఆగినవారు, పంట దెబ్బతిని అప్పుల పాలైనవారు అటువంటి భవనాల గేటు ముందే యూనిఫారం తొడుక్కుని కాపలా కాస్తున్నారు. లోపల కూర్చున్నదీ, బయట నిలుచున్నదీ పల్లె బిడ్డలే అయినప్పుడు, ఆ గేటు ఎట్లా నడుస్తున్నదో, దాని తాళంచెవి ఎవరి దగ్గర ఉంటున్నదో తెలుసుకోవలసిన అవసరం పల్లెకు తప్పక ఉన్నది.

సికింద్రాబాద్‌లోని స్వప్నలోక్ కాంప్లెక్స్‌లో 2023 మార్చి 16న పొద్దుగూకిన వేళ జరిగిన అగ్నిప్రమాదాన్ని ఈ ప్రాంతం మరచిపోలేదు. ఐదవ అంతస్తులో చిక్కుకొని ఆరుగురు చనిపోయారు. నలుగురు యువతులు, ఇద్దరు యువకులు. అందరూ ఇరవై రెండు, ఇరవై మూడేండ్ల వయసువారు. అందరూ ఉమ్మడి వరంగల్, ఖమ్మం జిల్లాల నుంచి బతుకుదెరువుకు పోయినవారు. పొగలో ఊపిరాడక వారు ప్రాణాలు విడిచారు. అంతకు ఏడాది ముందు, 2022 మార్చి 23న బోయిగూడలోని తుక్కు గోదాములో 11 మంది బీహారు కూలీలు మరణించారు. వారు పడుకున్న పై అంతస్తు నుంచి దిగడానికి ఒక్క ఇనుప చుట్టు మెట్ల దారే ఉండెను. 2025 మే 18న హైదరాబాద్ గుల్జార్ హౌజ్‌లో, కింద దుకాణాలు, పైన కాపురాలు ఉన్న ఇంట్లో 17 మంది కన్ను మూశారు. అక్కడ కూడా రాకపోకలకు ఉన్నది ఒక్కటే ఇరుకు దారి.

నిప్పు ఎక్కడ పుట్టినా, ప్రాణాలు పోయేది దారి దొరకక. కాపలా గూర్చి మాట్లాడేటప్పుడు మొదట గుర్తుంచుకోవలసిన విషయం ఇదే.

మన పట్టణాలలోని వ్యాపార భవనాల కాపలా ఎట్లా ఉన్నదో చూడవచ్చు. ముందు గేటు వద్ద ఒక మనిషి ఉంటాడు. బండ్లు సర్ది నిలబెట్టేది అతడే, మోటారు వేసేది అతడే, యజమాని కారు వస్తే పరుగెత్తేది అతడే. వచ్చినవారు రిజిస్టరులో ఏ పేరు రాసినా అడిగేవారు లేరు. ఒక్క మనిషి రెండు ద్వారాలు కాయలేడు గనుక వెనుక ద్వారానికి తాళం వేస్తారు. ఆ మెట్ల మీద క్రమంగా అట్టపెట్టెలు, విరిగిన కుర్చీలు, సరుకు మూటలు చేరుతాయి. అంటే ఒక మనిషి జీతం మిగుల్చుకోవడానికి వందల మంది దారి మూసివేస్తున్నారన్న మాట. దీనికి భద్రత అని పేరు పెట్టడం శోచనీయం.

దొంగల భయం లేదని కాదు. లక్షల రూపాయల సరుకు ఉన్న దుకాణదారుకు ఆ భయం న్యాయమైనదే. కాని దొంగతనాన్ని ఆపడానికి జనాన్ని బంధించిన చోటల్లా ఏమి జరిగిందో లోకం చూసింది. 1911 మార్చి 25న న్యూయార్కులో ట్రయాంగిల్ అనే బట్టల ఫ్యాక్టరీ కాలిపోయినప్పుడు 146 మంది మరణించారు. వారిలో ఎక్కువ మంది వయసు పిల్లలు. పనివారు బట్ట ముక్కలు దొంగిలించకుండా, పోయేటప్పుడు వారి సంచులు వెతకడానికి వీలుగా ఒక ద్వారానికి తాళం వేసి ఉంచారు. మన దేశంలో 1997 జూన్ 13న ఢిల్లీ ఉపహార్ సినిమా హాలులో 59 మంది చనిపోయారు. బాల్కనీ తలుపు గడియ పెట్టి ఉండగా గేటుకీపరు అక్కడ లేకపోవడం కోర్టు విచారణలో బయటపడింది.

తలుపు దొంగకు మూసి ఉండాలి, లోపలివారికి తెరచి ఉండాలి. ఈ రెండూ ఒకేసారి ఎట్లా కుదురుతాయని అడగవచ్చు. దీనికి మార్గం నూరేండ్ల కిందటే దొరికింది. ఇంగ్లండులోని సండర్లాండ్ పట్టణంలో 1883లో ఒక వినోద ప్రదర్శనకు వచ్చిన పిల్లలు బహుమతుల కోసం మెట్లు దిగి పరుగెత్తగా, ఒక్కొక్కరే వెళ్లేటట్లు గడియ వేసి ఉంచిన తలుపు వద్ద తొక్కిసలాట జరిగి 183 మంది పిల్లలు మరణించారు. ఆ విషాదం తర్వాత లోపలి నుంచి చేతితో నెడితే చాలు తెరుచుకునే అడ్డకడ్డీ గడియను ఒక ఇంజనీరు కనిపెట్టి 1892లో పేటెంటు పొందాడు. ఈ తలుపును బయటి నుంచి ఎవరూ తీయలేరు. లోపలి నుంచి తీస్తే గంట మోగేటట్లు కూడా చేయవచ్చు. వెనుక ద్వారానికి ఇది బిగిస్తే తాళం అవసరమే ఉండదు, దొంగ కూడా చప్పుడు లేకుండా పోలేడు.

ఇక చట్టాల విషయం. దిల్‌సుఖ్‌నగర్ బాంబు పేలుళ్లు జరిగిన 2013లోనే ప్రజా భద్రతా చర్యల అమలు చట్టం వచ్చింది. ఒకేసారి 100 మంది, లేదా రోజుకు 500 మంది చేరే చోట్ల రాకపోకలపై అదుపు ఉండాలనీ, సీసీ కెమెరాలు పెట్టి 30 రోజుల చిత్రాలు భద్రపరచాలనీ అది చెప్తున్నది. కెమెరాలు చాలా చోట్ల వచ్చాయి. కాని కెమెరా జరిగినదాన్ని తర్వాత చూపుతుందే తప్ప, పొగలో మనిషి చేయి పట్టుకొని మెట్లు దింపదు. ఆ పని మనిషే చేయాలి.

ఆ మనిషికి పని నేర్పుతున్నారా? ప్రైవేటు సెక్యూరిటీ సంస్థల నియంత్రణకు 2005లో పార్లమెంటు చట్టం చేసింది. దాని కింద కేంద్రం ఇచ్చిన నమూనా నియమాల ప్రకారం కాపలాదారుకు 100 గంటలు తరగతిలో, 60 గంటలు క్షేత్రంలో శిక్షణ ఇవ్వాలి. నిప్పును ఎదుర్కోవడం, జనాన్ని అదుపు చేయడం అందులో భాగాలు. కాని సోమవారం ఊరి నుంచి వచ్చినవానికి మంగళవారం ఈల, కర్ర చేతికిచ్చి గేటు ముందు నిలబెట్టే ఏజెన్సీలకు కొదువ లేదు. ఏదైనా జరిగినప్పుడు మొదట నింద పడేది మాత్రం అతని మీదనే.

చేయవలసిన పనులకు కోట్ల రూపాయలు అక్కరలేదు. వచ్చేవారి గుర్తింపు కార్డు చూసి, ఏ అంతస్తుకు పోతున్నారో రాసుకొని, తిరిగి పోయేటప్పుడు కూడా గుర్తు పెట్టుకోవాలి. అప్పుడే లోపల ఎంతమంది ఉన్నారో ఫైరింజను వచ్చినప్పుడు చెప్పగలరు. సరుకు వచ్చే దారి, జనం వచ్చే దారి వేరు చేయాలి. మెట్ల మీద చీపురు కట్ట కూడా ఉండరాదు. రాత్రి మనుషులు ఉన్నంతసేపు ఏ మెట్ల దారికీ తాళం పడరాదు. మూడు నెలలకొకసారి గంట కొట్టి, అందరినీ మెట్ల మీదుగా దింపి చూడాలి. అన్నిటికంటె ముఖ్యం, దారికి అడ్డంగా సరుకు పెట్టిన దుకాణదారును “తీయండి” అని చెప్పే అధికారం కాపలాదారుకు ఉండాలి. యజమానిని చూస్తే లేచి నిలబడటమే పనిగా ఉన్నవాడు ఆ మాట ఎట్లా అనగలడు?

ఇది పట్నానికే పరిమితం కాదు. పరకాల, భూపాలపల్లి, హన్మకొండలలో కింద దుకాణాలు, పైన ఆస్పత్రి, ఆ పైన కోచింగ్ సెంటరు ఉన్న భవనాలు పెరుగుతున్నాయి. వాటిలో మెట్ల దారులెన్ని, ఇనుప గేటు తాళాలు ఎవరి దగ్గర ఉంటాయి అన్నది మున్సిపల్, అగ్నిమాపక అధికారులు ప్రమాదం జరగక ముందే వచ్చి చూడాలి. దొంగలు పడిన ఆరు నెలలకు మొరిగే కుక్క వల్ల ఎవరికీ లాభం లేదు.

పశువుల కొట్టానికి నిప్పంటుకుంటే రైతు ముందు నీళ్లకు పరుగెత్తడు, తలుగులు కోస్తాడు. ఎద్దు దొరకకుండా పోతుందేమోనని ఆలోచించడు. పశువుకు పల్లె ఇచ్చే ఆ పాటి మర్యాద మనిషికి పట్నం ఇవ్వకపోతే అడగవలసినది పల్లెవారే. పిల్లలు ఉద్యోగంలో చేరినామని ఫోను చేసినప్పుడు జీతం ఎంత, భోజనం ఎక్కడ అని తల్లిదండ్రులు అడుగుతున్నారు. మెట్లు ఎన్ని వైపుల ఉన్నాయి, వెనుక తలుపు తెరుచుకుంటుందా అని కూడా అడగాలి. గేటు వద్ద కాపలాకు కుదిరిన కొడుకునైతే తాళాలన్నీ తన దగ్గరే ఉన్నాయా అని అడగాలి. అందుకు జవాబు లేని భవనంలో పని ఒప్పుకోవడానికి ముందు ఆలోచించుకోవడం మంచిది.