సొంత నేల కోసం ఒంటరి బేరం: ఇండిపెండెంట్ ఇల్లు కొనేవారికి చట్టం అండ ఎంత?

హైదరాబాద్‌లో 150 గజాల స్థలంలో కట్టిన ఇంటిని కొనే కుటుంబం నిజానికి కొంటున్నది నేలను. గోడలు ఏటికేడు పాతబడతాయి, విలువ పెరిగేది స్థలానికే. ఫ్లాట్ కొన్నవారికి దక్కేది అవిభక్త వాటా మాత్రమే. ఎకరంలో 100 ఫ్లాట్లు కడితే సగటున ఒక్కొక్కరికి వచ్చేది 48 గజాలు, అదీ హద్దు చూపించలేని నేల. కొంచెం దూరమైనా ఫర్వాలేదు, సొంత గేటు ఉంటే చాలని మధ్యతరగతి ఆశపడటంలో అర్థముంది.

అయితే ఫ్లాటు కొనుగోలుదారుకు ఉన్నపాటి రక్షణ ఈ కొనుగోలుదారుకు లేదు. 2016 నాటి రియల్ ఎస్టేట్ నియంత్రణ చట్టం ప్రకారం స్థలం 500 చదరపు మీటర్లు మించకపోయినా, ఫ్లాట్లు ఎనిమిదికి మించకపోయినా రెరా నమోదు అవసరం లేదు. 150 గజాలంటే సుమారు 125 చదరపు మీటర్లే. ఆ ఇల్లు కట్టి అమ్మే చిన్న బిల్డర్ స్థలం పత్రాలను, అనుమతులను రెరా వెబ్‌సైట్‌లో అందరికీ కనిపించేలా పెట్టనక్కర్లేదు. పరిశీలన భారమంతా కొనేవారిదే.

రిజిస్ట్రేషన్ అయింది కదా అన్న ధీమా కూడా సగమే నిజం. దేశంలో రిజిస్టర్ అయ్యేది దస్తావేజు. హక్కుకు ప్రభుత్వం పూచీపడదు. ఈసీలో కనిపించేవి రిజిస్టర్ అయిన లావాదేవీలే. నోటి మాటగా జరిగిన కుటుంబ పంపకాలు, సంతకం పెట్టని వారసుల వాటాలు అందులో ఉండవు. తండ్రి పేరిట ఉన్న పాత ఇంటిని కొడుకులు అమ్ముతున్నప్పుడు ఈ చిక్కు ఎక్కువ. ఉమ్మడి కుటుంబ ఆస్తిలో కుమార్తెలకు సమాన హక్కును ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 1986లోనే చట్టంలో చేర్చింది, 2005లో కేంద్రం దాన్ని దేశమంతటికీ విస్తరించింది. అయినా ఆడపడుచుల సంతకాలు లేని అమ్మకాలు కోర్టులకు చేరుతూనే ఉన్నాయి. జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ ద్వారా జరిగే అమ్మకంతో యాజమాన్యం బదిలీ కాదని సుప్రీంకోర్టు 2011లోనే స్పష్టం చేసింది. హక్కుకు ప్రభుత్వమే హామీ ఇచ్చేలా ఆంధ్రప్రదేశ్ తెచ్చిన భూమి హక్కుల చట్టం 2024 ఎన్నికల్లో పెద్ద వివాదమై, ప్రభుత్వం మారాక రద్దయింది. భయాలకు కారణాలున్నాయి కానీ, అసలు సమస్య మాత్రం అలాగే మిగిలింది.

చెరువుల సంగతి మరీ కఠినం. తెలంగాణ నిబంధనల ప్రకారం 10 హెక్టార్లు, అంతకు మించిన చెరువుకు పూర్తి నీటిమట్టం హద్దు నుంచి 30 మీటర్లు, అంతకన్నా చిన్నవాటికి 9 మీటర్లు వదిలిపెట్టాలి. 2024 జులైలో ఏర్పడిన హైడ్రా కూల్చివేతలు మొదలుపెట్టాక, అనుమతి పత్రమూ బ్యాంకు రుణమూ ఉన్నాయన్న బాధితుల మాట పదేపదే వినిపించింది. ఎండిన చెరువు శిఖం వేసవిలో మామూలు లేఅవుట్‌లాగే కనిపిస్తుంది. చెరువును కాపాడటం తప్పు కాదు. అనుమతి ఇచ్చినవారు మాత్రం నష్టపోకుండా, కొన్నవారే నష్టపోవడం తప్పు.

ఇక డబ్బు లెక్క. రిజర్వు బ్యాంకు నిబంధనల మేరకు 75 లక్షలు దాటిన గృహరుణంలో బ్యాంకు ఇవ్వగలిగేది ఇంటి విలువలో గరిష్ఠంగా 75 శాతం. స్టాంపు, రిజిస్ట్రేషన్ ఖర్చులను ఆ విలువలో కలపరు. కోటీ 20 లక్షల ఇంటికి రుణం 90 లక్షలు దాటదు. తెలంగాణలో 7.5 శాతం చొప్పున రిజిస్ట్రేషన్‌కు మరో 9 లక్షలు. అంటే చేతి నుంచి 39 లక్షలు పెట్టాలి. అమ్మేవారు దస్తావేజులో ధర తగ్గించి మిగతాది నగదుగా ఇమ్మంటే ఆ మేరకు రుణమూ తగ్గుతుంది, రేపు వివాదం వస్తే ఆ నగదుకు ఆధారమూ ఉండదు. బ్యాంకు న్యాయవాది పత్రాలు చూశారు కదా అని ఊరుకునేవారు ఎక్కువ. ఆయన చూసేది బ్యాంకు అప్పు భద్రతను. వేరే న్యాయవాదికి చెల్లించే ఫీజు, సర్వేయరుతో హద్దులు కొలిపించే ఖర్చు, 22ఏ నిషేధిత జాబితాలో సర్వే నంబరు వెతికే ఓపిక ఈ మొత్తం ముందు చాలా చిన్నవి.

రెరా నమోదు పరిమితిని 500 చదరపు మీటర్ల కంటే తగ్గించే అధికారాన్ని అదే చట్టం రాష్ట్ర ప్రభుత్వాలకు ఇచ్చింది. చిన్న స్థలాల్లో వరుసగా ఇళ్లు కట్టి అమ్మేవారిని ఆ పరిధిలోకి తెచ్చేందుకు కొత్త చట్టం అక్కర్లేదు, నోటిఫికేషన్ చాలు.