సిగ్నల్ లేని ఊరికి స్లాట్ ఎలా అందుతుంది?

పత్తి అమ్ముకోవడానికి పొలం, పాసుపుస్తకం, పండిన పంట ఉంటే ఇప్పుడు చాలడం లేదు. చేతిలో స్మార్ట్‌ఫోన్ ఉండాలి. అందులో యాప్ పనిచేయాలి. ఊళ్లో సిగ్నల్ ఉండాలి. ఆధార్‌కు ఇచ్చిన నంబరు ఇంకా నడుస్తూ ఉండాలి. ఈ నాలుగింటిలో ఏ ఒక్కటి తప్పినా మద్దతు ధర చేజారుతుంది. మద్దతు ధర ప్రభుత్వం మనకు ఇచ్చిన మాట. ఆ మాట మనదాకా రాకుండా సెల్ టవర్ అడ్డం పడుతోంది.

2025-26 సీజన్ నుంచి సీసీఐకి పత్తి అమ్మాలంటే కపాస్ కిసాన్ యాప్‌లో పేరు నమోదు చేసుకుని, స్లాట్ బుక్ చేసుకోవాలన్నారు. ఆ ఏడాది పొడవు పింజ పత్తికి మద్దతు ధర క్వింటాలుకు 8,110 రూపాయలు. తేమ 8 శాతం దాటితే ధరలో కోత పెడతారు, 12 శాతం దాటితే అసలు కొనరు. ఏరిన పత్తిని ఇంట్లో కుప్ప పోసుకుని స్లాట్ దొరికేదాకా ఆగే స్తోమత మనలో ఎంతమందికి ఉంది? ఏరిన కూలీలకు ఆ వారమే డబ్బులివ్వాలి. పురుగుమందుల దుకాణంలో బాకీ ఉంటుంది. స్లాట్ దొరకని రైతు క్వింటాలుకు వెయ్యి తక్కువకు ప్రైవేటు వ్యాపారికి అమ్మితే 30 క్వింటాళ్ల మీద 30 వేలు పోయినట్టే. ఆ డబ్బుతో మంచి ఫోన్లు రెండు వస్తాయి.

‘ఇప్పుడు ఫోన్ లేనిదెవరికి?’ అని అధికారులు అంటారు. ఫోన్లున్న మాట నిజమే. కానీ ఎలాంటి ఫోన్లు? బటన్ ఫోనుకు ఓటీపీ వస్తుంది, యాప్ మాత్రం ఎక్కదు. పట్నంలో కొడుకు వాడి వదిలేసిన ఫోన్ తండ్రి చేతికి వస్తుంది. అందులో ఆండ్రాయిడ్ పాతదైతే కొత్త యాప్ డౌన్‌లోడ్ కాదు.

సిమ్ మార్చుకోమని ఇంకొకరు సలహా ఇస్తారు. అన్ని సిమ్‌లూ అన్ని ఫోన్లలో పనిచేయవన్న సంగతి ఎవరూ చెప్పరు. జియోకు 2016లో మొదలైనప్పటి నుంచీ 2జీ, 3జీ లేనే లేవు. 4జీ మీద కాల్ మాట్లాడే వసతి లేని పాత ఫోన్‌లో ఆ సిమ్ వేస్తే మామూలు కాల్ వెళ్లదు. బీఎస్ఎన్ఎల్ 4జీకి కేటాయించిన వాటిలో 700 మెగాహెర్ట్జ్ బ్యాండ్ ఒకటి. దాని సిగ్నల్ ఎక్కువ దూరం పోతుంది కాబట్టి పల్లెలకు మంచిదే. కానీ కొన్ని పాత 4జీ ఫోన్లు ఆ బ్యాండ్‌ను పట్టుకోలేవు. అలాంటి చోట టవర్ కళ్లెదుట ఉన్నా ఫోన్‌లో గీతలు కనిపించవు. సిమ్ చెడిపోయిందని రైతు అనుకుంటాడు. ఫోన్ మార్చమని దుకాణం వాళ్లంటారు. ఖర్చు మాత్రం రైతుదే.

ఫోన్ బాగున్నా కష్టం తీరదు. గాలివానకు కరెంటు పోతే, టవర్ దగ్గరి బ్యాటరీ ఉన్నంతసేపే సిగ్నల్. జనరేటర్ లేకపోయినా, డీజిల్ పోసే మనిషి రాకపోయినా కరెంటు వచ్చేదాకా ఆ ఊరికి లోకంతో సంబంధం ఉండదు. నెట్‌వర్క్ 24 గంటలకు మించి ఆగిపోతే ప్రీపెయిడ్ వారికి గడువు పెంచాలని ట్రాయ్ 2024లో నిబంధన తెచ్చింది. అయితే అది జిల్లా స్థాయిలో పెద్ద అంతరాయం వచ్చినప్పుడే. మన ఊరి టవర్ ఒక్కటే మూడు రోజులు మూగబోతే అది లెక్కలోకి రాదు. రీఛార్జ్ డబ్బులు పోతాయి, స్లాటూ పోతుంది.

కౌలు రైతు గోస వేరు. పట్టాదారు నంబరు మీద నమోదైతే ఓటీపీ హైదరాబాద్‌లో ఉన్న ఆయన ఫోనుకు పోతుంది. చేను దున్నినవాడు ఆయన ఎప్పుడు ఫోన్ ఎత్తుతాడా అని చూస్తూ కూర్చోవాలి.

దళారులు రైతుల పేర్లతో సీసీఐకి అమ్ముకోకుండా యాప్ ఆపుతుందని అంటున్నారు. ఆ మోసం ఆగాలని మేమూ ఏళ్లుగా అడుగుతున్నాం. కానీ యాప్ అందరికంటే ముందు ఎవరికి అందుతుంది? పట్నంలో మంచి నెట్, చేతిలో రెండు ఫోన్లు ఉన్నవాడికే. సిగ్నల్ లేని రైతు స్లాట్ కోసం మళ్లీ ఆ మనిషి గడపే తొక్కాలి. ముందు వాకిట్లోంచి పంపిన దళారిని పెరటి తలుపు తీసి పిలుచుకున్నట్టు కాలేదా?

యాప్ వద్దని మేము అనడం లేదు. యాప్ ఒక్కటే దారి కాకూడదని అంటున్నాం. రైతు వేదికలోనో మార్కెట్ యార్డులోనో కాగితం మీద నమోదు చేసి, తేదీ వేసి, రసీదు ఇవ్వాలి. యాప్‌లో బుక్ చేసిన స్లాటుకు ఉన్న విలువ ఆ రసీదుకూ ఉండాలి. సిగ్నల్ లేనప్పుడు వివరాలు దాచుకుని, వచ్చాక పంపేలా, పాత ఫోన్లలోనూ నడిచేలా యాప్ తయారు చేయాలి. నెట్‌వర్క్ లేని రోజులను గడువులోంచి తీసేయాలి. టవర్ ఆగితే లెక్క ఊరి స్థాయిలో కట్టాలి.

డబ్బు లేదనడానికి వీల్లేదు. టెలికాం కంపెనీలు తమ ఆదాయంలో 5 శాతం పల్లె సేవల నిధికి కడుతున్నాయి. ఇప్పుడు దాని పేరు డిజిటల్ భారత్ నిధి. సిగ్నల్ అందని 24,680 గ్రామాలకు 4జీ ఇస్తామని 2022 జులైలో కేంద్ర మంత్రివర్గం 26,316 కోట్ల పథకాన్ని ఆమోదించింది. అందులో మన మండలం ఊళ్లు ఉన్నాయా, ఉంటే టవర్ నడుస్తోందా అని అడిగే హక్కు మనకుంది.

సంఘ సభ్యులు ఈ నెలలో ఒక పని చేయాలి. ఏ ఊళ్లో సిగ్నల్ ఎక్కడ అందుతుందో చూపే పటాలను కంపెనీలు తమ వెబ్‌సైట్లలో పెట్టాలని ట్రాయ్ ఆదేశించింది. ఊళ్లో చదువుకున్న పిల్లలతో ఆ పటం తీయించి, మన వాడల్లో, చేలల్లో తిరిగి సరిపోల్చండి. పటంలో సిగ్నల్ ఉండి ఫోన్‌లో లేని చోటును రాసిపెట్టండి. స్లాట్ తప్పినవారు తేదీ, సమయం, ఫిర్యాదు నంబరు దాచుకోండి. గ్రామసభలో తీర్మానం చేయించి ఒక ప్రతిని కలెక్టరుకు, ఒకటి సంఘం ఆఫీసుకు పంపండి. ‘సిగ్నల్ రావడం లేదు సార్’ అని ఒక్కొక్కరం చెబితే వినేవారు లేరు. వంద ఊళ్ల తీర్మానాలు బల్ల మీద పడితే వినక తప్పదు.